ఏ ఎండకా వైవిధ్యం

2000 సంవత్సరంలో అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీ మాడిసన్ క్యాంపస్‌కి ఓ చిక్కొచ్చి పడింది. మా దగ్గర అన్ని రంగుల పిల్లలూ కలిసిమెలిసి చదువుకుంటారని దరఖాస్తు పుస్తకం అట్ట మీద చూపించాలి. అలాంటి ఫోటో కోసం వేసవంతా వెతికారు. దొరకలేదు. ఇంకెవరైనా అయితే, ఫోటోలో లేనివాళ్లు క్యాంపస్‌లో కూడా లేరేమోనని ఓసారి హాజరుపట్టీ తిరగేసేవాళ్లు. వీళ్లు ఫోటోషాప్ తెరిచారు. ఫుట్‌బాల్ మ్యాచ్‌లో కేరింతలు కొడుతున్న తెల్లపిల్లల గుంపు ఫోటో ఒకటి తీసుకుని, ఇంకెప్పుడో తీసిన ఒక నల్లజాతి విద్యార్థి నవ్వుమొహాన్ని కత్తిరించి ఆ గుంపులో అతికించారు. ఆ అబ్బాయి ఎన్నడూ ఆ ఫుట్‌బాల్ ఆట చూడ్డానికి వెళ్లినవాడు కాదు. తను అంత సంబరపడ్డ సంగతి అట్ట మీద చూసుకునేదాకా అతనికే తెలియదు.

పని పట్టుబడింది, క్షమాపణలు అయ్యాయి, అట్ట మార్చారు. కానీ ఒప్పుకోవాలి, ఆ ఫోటో చేసినవాళ్లు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. అమెరికా యూనివర్సిటీల్లో మిషన్ స్టేట్‌మెంట్ అనే సాహిత్యం ఒకటుంది. దాన్ని రాసేవాళ్లు మాటలతో చేసే పనినే వీళ్లు కత్తెరతో చేశారు. ఆ స్టేట్‌మెంట్లు ఓ పది తెచ్చి, పేర్లు చెరిపేసి, కలిపేయండి. ఏది ఎవరిదో రాసినవాళ్లు కూడా పోల్చుకోలేరు. శ్రేష్ఠత, నాయకత్వం, సేవ, రేపటి ప్రపంచం, వాటి పక్కనే వైవిధ్యం. పెళ్లిపత్రికలో చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి లాంటివి ఈ మాటలు. పడాల్సిన చోట పడాల్సిందే. పత్రిక అందుకున్నవాడు మాత్రం ముహూర్తం ఎన్నింటికో, భోజనాలు ఎక్కడో చూసుకుంటాడు.

వైవిధ్యం అన్న మాట ఈ పత్రికలోకి ఎలా వచ్చిందో చాలామందికి తెలియదు. మనసు కరిగి రాలేదు, కోర్టు చెబితే వచ్చింది. కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెందిన డేవిస్ మెడికల్ కాలేజీ 1970లలో 100 సీట్లలో 16 సీట్లు మైనారిటీల కోసం పక్కన పెట్టింది. రెండుసార్లు సీటు రాని అలన్ బక్కీ అనే తెల్లాయన కోర్టుకెక్కాడు. 1978లో సుప్రీంకోర్టులో నలుగురు అటు, నలుగురు ఇటు. మధ్యలో జస్టిస్ లూయిస్ పావెల్ ఒక్కడు. కాలేజీ తన వైపు నుంచి నాలుగు కారణాలు చెప్పుకుంది. డాక్టర్లలో ఈ జాతులవాళ్లు మొదట్నుంచీ తక్కువ, ఆ లోటు పూడాలి అంది. సమాజం చేసిన అన్యాయానికి విరుగుడు కావాలి అంది. డాక్టర్లు వెళ్లని పేటలకు డాక్టర్లు కావాలి అంది. చివర్న, రకరకాల పిల్లలుంటే తరగతికి మంచిది అని కూడా ఒక ముక్క చేర్చింది. పావెల్ మొదటి మూడూ కొట్టేసి నాలుగోది ఉంచాడు. కోటా చెల్లదు గానీ, వైవిధ్యం కోసమైతే జాతిని ఒక అంశంగా చూసుకోవచ్చన్నాడు.

అంటే, నల్లజాతి అమ్మాయికి సీటు ఇవ్వడానికి ఆమె ముత్తాతను సంతలో అమ్మిన సంగతి పనికిరాదు. ఆమె పక్కన కూర్చునే తెల్లబ్బాయికి లోకజ్ఞానం పెరుగుతుందంటే పనికొస్తుంది. కోర్టులో ఉన్న ఏకైక నల్లజాతి న్యాయమూర్తి థర్గుడ్ మార్షల్ బానిసత్వం దగ్గర్నుంచి చరిత్రంతా విడిగా రాసి పెట్టాడు. దాన్ని చదివిన వకీళ్లు తలలూపి, పావెల్ రాసినదాన్ని ఫైల్లో పెట్టుకున్నారు. అప్పట్నుంచి ఏ యూనివర్సిటీ పెద్ద నోరు తెరిచినా అన్యాయం, అప్పు, బాకీ అన్న మాటలు దొర్లవు. 'సంపన్నమైన అభ్యసన వాతావరణం' దొర్లుతుంది. బాకీ తీర్చడం ఖర్చుతో కూడిన వ్యవహారం. వాతావరణం చవక.

పావెల్ ఆదర్శంగా చూపించిన పద్ధతి హార్వర్డ్‌ది. దాన్ని తన తీర్పుకు అనుబంధంగా జతచేశాడు కూడా. కోటాలు లేవు, మనిషిని సమగ్రంగా చూస్తారు, చదువుతోపాటు వ్యక్తిత్వం తూస్తారు అని మెచ్చుకున్నాడు. మరి ఆ వ్యక్తిత్వపు తక్కెడ హార్వర్డ్‌కి ఎక్కడిది? 1920లలో అక్కడ యూదు విద్యార్థులు ఐదో వంతు దాటారు. పరీక్ష పెడితే పాసైపోతున్నారు, మరి ఆపడం ఎలా? అధ్యక్షుడు లారెన్స్ లోవెల్ 1922లో కోటా పెడదామన్నాడు. బయట గోల అయింది. కోటా అని అనకుండానే ఆ పని కానిచ్చే దారి 1926కల్లా దొరికింది. దరఖాస్తుకి ఫోటో అంటించాలి, ఇంటర్వ్యూకి రావాలి, శీలం చూస్తాం, స్వభావం చూస్తాం. యూదు పిల్లల స్వభావం అప్పట్నుంచి ఏమంత బాగోలేదని తేలింది.

ఆ తక్కెడ తుప్పుపట్టలేదు. ఆసియా సంతతి పిల్లల తరఫున వేసిన కేసులో 2018లో బోస్టన్‌లో విచారణ జరిగినప్పుడు హార్వర్డ్ లెక్కలు బయటపడ్డాయి. చదువు మార్కుల్లో వాళ్లే ముందు. 'పర్సనల్ రేటింగ్' అని ఇంకోటి ఉంది. దయ, ధైర్యం, కలుపుగోలుతనం వగైరాలకి వేసే అంకె. అందులో వాళ్లే వెనక. విచిత్రమేమిటంటే, పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడిన పూర్వ విద్యార్థులకి వాళ్లలో తెల్లపిల్లలకి లేని లోపమేదీ పెద్దగా కనపడలేదు. మొహం కూడా చూడని ఆఫీసువాళ్లకి మాత్రం దరఖాస్తు కాగితంలో దయ తక్కువైనట్టు కనిపించింది. కింది కోర్టులు రెండూ ఇందులో కావాలని చేసిన వివక్ష లేదన్నాయి. ఉండకపోవచ్చు. తక్కెడ తన అలవాటు ప్రకారం మొగ్గి ఉంటుంది.

ఆ విచారణలోనే అసలు వంటగది తలుపు తెరుచుకుంది. క్రీడాకారులు, అక్కడే చదివినవాళ్ల పిల్లలు, ఆచార్యుల, సిబ్బంది పిల్లలు, డీన్ ఆసక్తి చూపే జాబితాలోని పిల్లలు అని నాలుగు తరగతులున్నాయి. ఆ చివరి జాబితాలో విరాళాలిచ్చినవాళ్లు, ఇవ్వబోయేవాళ్లు, వాళ్ల మనుషులు ఉంటారు. హార్వర్డ్‌లో సీటు వచ్చిన తెల్లపిల్లల్లో 43 శాతం ఈ నాలుగింటిలో ఏదో ఒక దాంట్లోవాళ్లేనని, అందులో మూడొంతులమందికి ఆ ఆసరా లేకపోతే సీటు వచ్చేదే కాదని, కేసులో వాదుల తరఫు ఆర్థికవేత్త పీటర్ ఆర్సిడియాకోనో తన సహచరులతో కలిసి లెక్కగట్టాడు. నల్లజాతి, ఆసియా, హిస్పానిక్ పిల్లల్లో అలాంటివాళ్లు 16 శాతం లోపే. ఇవి కాక జెడ్ జాబితా అని ఇంకోటి ఉంది. ఇప్పుడు కాదు, ఏడాది ఆగి రా నాయనా అని చెప్పి సీటు ఇచ్చే జాబితా. జారెడ్ కుష్నర్ తండ్రి 1998లో హార్వర్డ్‌కి 25 లక్షల డాలర్లు ఇస్తానన్నాడని, ఆ తర్వాత కొడుక్కి సీటు వచ్చిందని డేనియల్ గోల్డెన్ 2006లో పుస్తకమే రాశాడు. రెంటికీ సంబంధం లేదని వాళ్లన్నారు.

తెలుగువాడికి దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు. మేనేజ్‌మెంట్ సీటు అంటాం. మన దగ్గర దానికి జీవో ఉంటుంది, బి కేటగిరీకి ఇంత, ఎన్నారై కోటాకి ఇంత అని రేటు ఉంటుంది. తండ్రి పొలం అమ్మి కట్టాడని చుట్టుపక్కల నాలుగిళ్లకీ తెలుస్తుంది. సిగ్గో గర్వమో, అంతా బాహాటం. అక్కడ జీవో లేదు, రేటు లేదు, రసీదు మాత్రం ఉంటుంది, దాని మీద ఆదాయపు పన్ను మినహాయింపు కూడా ఉంటుంది. ఇప్పుడా మిషన్ స్టేట్‌మెంట్ మళ్లీ చదవండి. వందేళ్లుగా ఏడాది తప్పకుండా, ఉత్సాహంగా, ఏ కోర్టూ బలవంతపెట్టకుండా అమలైన ఈ విధానం గురించి అందులో ఒక్క ముక్క లేదు. 'దాతల సంతానాన్ని ఆదరించుటయే మా లక్ష్యం' అని ఏ గోడ మీదా చెక్కించలేదు. చేసే పని రాయరు. రాసిన పనికి ఓ ఆఫీసు తెరుస్తారు.

ఆఫీసు అంటే మిషిగన్ గుర్తొస్తుంది. ఆ రాష్ట్రంలో అడ్మిషన్లలో జాతిని చూడకూడదని 2006లో ఓటర్లు తేల్చేశారు. యూనివర్సిటీ పట్టు విడవలేదు. 2016లో వైవిధ్యం కోసం భారీ పథకం మొదలెట్టింది. ప్రతి విభాగానికీ ఒక ప్రణాళిక, ప్రతి ప్రణాళికకీ ఒక నివేదిక, ప్రతి నివేదికకీ ఒక బాధ్యుడు. ఖర్చు దాదాపు 25 కోట్ల డాలర్లని న్యూయార్క్ టైమ్స్ 2024లో రాసింది. రాష్ట్ర జనాభాలో నల్లజాతివాళ్లు సుమారు 14 శాతం. క్యాంపస్‌లో డిగ్రీ చదివే నల్లజాతి పిల్లలు అన్నేళ్ల తర్వాతా 4, 5 శాతం దగ్గరే తచ్చాడుతున్నారు. ఆ డబ్బుతో డెట్రాయిట్ పేటల్లో నేరుగా ఫీజులు కట్టేస్తే ఏమయ్యేదో! కానీ ఫీజు కట్టేస్తే ఇక నివేదిక రాసేదేముంటుంది? 2025 మార్చిలో వాషింగ్టన్ గాలి మారగానే ఆ ఆఫీసు మూతపడింది.

మధ్యలో 2023 జూన్ 29 వచ్చింది. సుప్రీంకోర్టు హార్వర్డ్‌దీ నార్త్ కరోలైనాదీ కలిపి జాతి ఆధారిత అడ్మిషన్లు చెల్లవంది. 2003లో జస్టిస్ శాండ్రా డే ఓకానర్ ఇంకో 25 ఏళ్లకి వీటి అవసరం ఉండదని ఆశపడింది. కోర్టు ఐదేళ్లు ముందే ఆ ముచ్చట తీర్చింది. యూనివర్సిటీలు చెప్పే వైవిధ్య లక్ష్యాలు కొలవడానికి వీల్లేనివని ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ తప్పుబట్టాడు. ఈ ఒక్క ముక్కలో ఆయన్ని ఆక్షేపించడం కష్టం. కొలిస్తే దొరికిపోతామనే కదా అలా రాసుకున్నది! అయితే ఫుట్‌నోట్‌లో సైనిక అకాడమీలకి ఈ తీర్పు వర్తింపజేయలేదు. యుద్ధంలో చావడానికి పంపేటప్పుడు వైవిధ్యం ఉంటే ఉండనీ అన్నట్టు. ఆ ఎత్తిపొడుపు నా సొంతం కాదు. జస్టిస్ కెటాన్జీ బ్రౌన్ జాక్సన్ తన భిన్నాభిప్రాయంలో ఇంతకన్నా ఘాటుగానే అడిగింది.

ఆ రోజు మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో పండగ. డాలస్ నుంచి ఎడిసన్ దాకా మెరిట్ గెలిచిందన్నారు. ఆ గెలిపించినవాళ్లలో కొందరి మేనల్లుళ్లు అదే వేసవిలో ఇక్కడ ఎన్నారై కోటాలో ఎంబీబీఎస్ చేరే ఉంటారు, ఆ సంగతి వేరే గ్రూపులో. మరుసటి ఏడాది లెక్కలొచ్చాయి. ఎంఐటీలో నల్లజాతి విద్యార్థులు 13 శాతం నుంచి 5కి పడిపోయారు, ఆసియావాళ్లు 40 నుంచి 47కి ఎగబాకారు. అమ్హర్స్ట్ కాలేజీలో నల్లజాతివాళ్లు 11 నుంచి 3. ఇంతవరకూ గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు. తర్వాత యేల్ లెక్క వచ్చింది. అక్కడ నల్లజాతివాళ్లు ఉన్నచోటే ఉన్నారు, ఆసియావాళ్లు 30 నుంచి 24కి జారారు. ప్రిన్స్‌టన్‌లోనూ 26 నుంచి దాదాపు 24. గ్రూపు మ్యూట్‌లో పడింది. పేదవాడి సీటు మీద కేసు వేసి గెలిచినవాళ్లు దాత కొడుకు సీటు జోలికి వెళ్లలేదు మరి. దాత కావాలన్నది వాళ్ల సొంత కల.

మెరిట్ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. 2022లో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ తన వివక్ష నిషేధ విధానంలో కులాన్ని చేర్చింది. జాతి, మతం, లింగం వరసగా ఉన్నంతసేపూ ఎవరికీ బాధ లేదు. కులం అన్న మాట పడేసరికి భారత సంతతి ఆచార్యులు కొందరు మమ్మల్ని వేలెత్తి చూపుతున్నారని కోర్టుకెళ్లారు. లేని జబ్బుకి మందు రాస్తున్నారన్నది వాదన. ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు కనుక్కునేదాకా ఇల్లు కూడా అద్దెకివ్వని పెద్దమనుషులు అమెరికాలో అన్నీ మర్చిపోయి ఉంటారని మనమూ నమ్ముదాం.

సుప్రీంకోర్టు ఒక సందు వదిలింది. జాతి తన బతుకుని ఎలా మలిచిందో విద్యార్థి వ్యాసంలో రాసుకుంటే చదవొచ్చంది. ఆ సందులో యూనివర్సిటీలు బస్సు నడిపాయి. వ్యాసాల ప్రశ్నలు రాత్రికి రాత్రి మారాయి. మీ నేపథ్యం మా సమాజానికి ఏమిస్తుంది, మీరు దాటిన అడ్డంకి ఏది అని మొదలెట్టాయి. సారా లారెన్స్ కాలేజీ అయితే రాబర్ట్స్ తీర్పులోని వాక్యాన్నే ప్రశ్నగా దించేసింది. ఇక చూడండి, పదిహేడేళ్ల పిల్లలు కష్టాలు వెతుక్కోవాలి. చికాగో దక్షిణపు పేటలో పుట్టిన పిల్ల, తమ్ముణ్ని పోలీసులు ఆపిన రాత్రిని 250 మాటల్లో కుదించి, మూడో పేరాలో ఆశావహంగా ముగించాలి. మరీ ఏడిస్తే భారం, అసలు ఏడవకపోతే నేపథ్యం చాలదు. మన ఫ్రీమాంట్ పిల్లాడి కష్టం వేరు. తండ్రి చిప్ డిజైన్, తల్లి క్లౌడ్, వాడికి కూచిపూడి చెల్లెలు. గంటకింత అని పుచ్చుకునే కన్సల్టెంట్ వాణ్ని కూర్చోబెట్టి, స్కూల్లో లంచ్‌బాక్స్ తెరిస్తే పులిహోర వాసనకి ఎవరైనా ముక్కు మూసుకున్నారా, గుర్తు తెచ్చుకో అంటాడు. వాడు గుర్తు తెచ్చుకుంటాడు. నిజానికి ఆ రోజు పక్క పిల్లాడు ఓ ముద్ద పెట్టమన్నాడు. ఆ ముక్క డ్రాఫ్టులో కొట్టేస్తారు.

తర్వాత పేర్లు మార్చే ఋతువు. టెక్సస్‌లో వైవిధ్యం ఆఫీసులు ఉండకూడదన్న చట్టం 2024 జనవరి 1న అమల్లోకొచ్చింది. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ తన 'డైవర్సిటీ అండ్ కమ్యూనిటీ ఎంగేజ్‌మెంట్' విభాగం బోర్డు మీద మొదటి మాట చెరిపి 'క్యాంపస్' అని రాయించింది. ఇంగ్లీషు పొడి అక్షరాల్లో 'డి' ఉన్నచోట 'సి' వచ్చింది, అంతే. ఏలినవారు అంతటితో చల్లబడలేదు. ఏప్రిల్‌కల్లా విభాగమే తీసేసి పదుల మందిని ఇంటికి పంపారు. 2025 ఏప్రిల్‌లో హార్వర్డ్ వంతు. వైవిధ్యం, సమానత్వం, చేరిక, చెందిక అని నాలుగు బరువులు మోస్తున్న ఆఫీసు 'కమ్యూనిటీ అండ్ క్యాంపస్ లైఫ్' అయింది. వినడానికి హాస్టల్ మెస్ కమిటీలా ఉంది. ఏ ఎండకా గొడుగు పట్టడం తప్పని నేననను. కానీ నిన్నటిదాకా ఈ గొడుగే మా ఆత్మ అని రాయి మీద చెక్కించారే, అదీ నా ఫిర్యాదు. కోర్టు ఇచ్చిన మాట కోర్టు తీసుకుంటే పోయింది. ఆ మొదటి మూడు కారణాల కోసం 1978లోనే పోరాడి ఉంటే ఇవాళ చెరపడానికి ఇంకాస్త చెయ్యి వణికేది.

ఇందులో మన ఎమ్మెస్ పిల్లాడి పాత్ర ఏమిటని అడగొచ్చు. అతనిది ఫోటోలో పాత్ర. 2023-24లో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులున్నారు, చైనాని దాటేశాం. అందులో తెలుగువాళ్లు ఎంత దండిగా ఉన్నారో శంషాబాద్‌లో ఆగస్టు రాత్రులు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఇల్లు తనఖా పెట్టి, కన్సల్టెన్సీ చెప్పినన్ని రోజులు బ్యాంకులో నిల్వ చూపించి, రెండు పెట్టెల్లో ప్రెషర్ కుక్కరూ గోంగూర పచ్చడీ సర్దుకుని ఓ గుంటూరు కుర్రాడు దిగుతాడు. బ్రోచర్ ఫోటోగ్రాఫర్ కంటికి వెంటనే ఆనతాడు. చెట్టు కింద ల్యాప్‌టాప్‌తో కూర్చోబెడతారు. ఆ రంగు అట్టకి కావాలి. అదే విద్యార్థుల జాతుల లెక్క ప్రభుత్వానికి పంపేటప్పుడు అతను ఆసియావాడు కాడు, అసలు ఏ జాతీ కాడు. విదేశీ విద్యార్థులందరికీ వేరే ఒకటే గడి ఉంటుంది, అందులో పడతాడు. వైవిధ్యం కింద బొమ్మ, ఫీజు కింద మనిషి. ఎమ్మెస్‌కి స్కాలర్‌షిప్ ఎవడిస్తాడు? పూర్తి ఫీజు చెల్లించి క్యాంపస్‌కి రంగు కూడా వేసే విద్యార్థి ఏ మేనేజ్‌మెంట్‌కి చేదు?

ఈ కిటుకు అందరికన్నా బాగా అర్థమైంది అమెరికా ప్రభుత్వానికే. వీసా మోసాలు పట్టడానికి ఇమిగ్రేషన్ పోలీసులు మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని ఒకటి సొంతంగా పెట్టారు. యూనివర్సిటీ అనిపించుకోవడానికి కనీసం ఏమేం కావాలో వాళ్లు లెక్క వేసుకునే ఉంటారు. ఓ ఆఫీసు భవనంలో గదులు, వెబ్‌సైటు, ఒక ముద్ర, ముద్ర మీద విద్యనీ శ్రమనీ కీర్తించే లాటిన్ సూక్తి. పాఠాలు అక్కర్లేదు, పంతుళ్లు అక్కర్లేదు. ఆరువందల మంది దాకా చేరారు, ఎక్కువమంది మన రెండు రాష్ట్రాలవాళ్లే. 2019 జనవరిలో అరెస్టులు మొదలయ్యాయి. తరగతులు లేవని తెలిసే చేరారని ప్రభుత్వం అంది. ఫీజు కట్టించుకుని చదువు చెప్పలేదని ఒక విద్యార్థి ప్రభుత్వం మీద దావా వేశాడు. మేం సార్వభౌమ హోదాలో నేరస్థుల్ని పడుతున్నాం, కాబట్టి ఇది మామూలు ఒప్పందం కాదు, దావా నడవదు అని ప్రభుత్వం వాదించింది. 2024లో అప్పీలు కోర్టు ఆ వాదన తోసేసి దావా నడవొచ్చంది. ఏడాదికి సుమారు 12 వేల డాలర్ల ఫీజు మాత్రం ఆ సార్వభౌములు మామూలు యూనివర్సిటీ హోదాలోనే వసూలు చేసుకున్నారు.